రాజీనామా ఇచ్చాక ఏడాది అదే సీట్లో

మామూలు ఉద్యోగం మానేయాలంటే నెల నోటీసు, మహా అయితే మూడు నెలలు. ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ మానేయాలంటే ఏడాది ముందు చెప్పాలి. పక్కసీట్లో కూర్చునే ఫస్ట్ ఆఫీసర్‌కి ఆరు నెలలు. ఇది ఏ కంపెనీయో పెట్టుకున్న షరతు కాదు, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2017 ఆగస్టులో తెచ్చిన నిబంధన. అంతకుముందు కెప్టెన్లకి కూడా ఆరు నెలలే ఉండేది. అప్పుడు విమానయాన మంత్రి విజయనగరం అశోక్ గజపతిరాజు గారు. ఇప్పుడు శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు. "ఇద్దరూ మన తెలుగువాళ్లేగా, ఒక మాట చెప్పించుకోలేకపోయారా?" అని మా ఊళ్లో అడిగినవాళ్లున్నారు. పని అంత తేలిగ్గా అయ్యేదైతే ఇది రాసే అవసరమే ఉండేది కాదు.

నేను ఎయిర్‌బస్ 320 కెప్టెన్‌ని. ఆ ఏడాది నోటీసూ పూర్తిగా చేసి బయటికొచ్చాను. పాత కంపెనీ పేరు రాయను. కమాండ్, అంటే కెప్టెన్ హోదా, దగ్గరికొచ్చిన కుర్రాళ్లు ఈ మధ్య తరచూ ఫోన్ చేస్తున్నారు. "అన్నా, రాజీనామా పేపర్లు పెడితే ఏం చేస్తారు? రోస్టర్‌లో పగ తీర్చుకుంటారా? ఎన్‌ఓసీ ఆపేస్తారా?" రోస్టర్ అంటే డ్యూటీల పట్టిక, ఎన్‌ఓసీ అంటే వేరే కంపెనీకి వెళ్లడానికి అభ్యంతరం లేదని పాత కంపెనీ ఇచ్చే కాగితం. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు ఒకేసారి రాసేద్దామని కూర్చున్నాను.

అందరూ మొదట అడిగేది జీతం గురించే. నెలకి లక్షలు వస్తుంటే మీకేం నొప్పి అంటారు. డబ్బు బాగానే వస్తుంది, కాదనను. కానీ ఆ డబ్బు ఎలా లెక్కకడతారో తెలిస్తే మిగతా కథ అర్థమవుతుంది. జీతంలో కొంత ఫిక్స్‌డ్, మిగతాది ఎగిరిన గంటల మీద. ఎగిరిన గంటలంటే చక్రాలకి అడ్డంగా పెట్టే దిమ్మలు, అంటే చాక్స్, తీసినప్పటి నుంచి మళ్లీ చాక్స్ పెట్టేదాకా. ఢిల్లీ నుంచి పట్నా వెళ్లి రావాలి, ఆ వెంటనే రాయ్‌పూర్ వెళ్లి రావాలి అనుకోండి. నాలుగు సెక్టార్లు. డబ్బు వచ్చేది ఏడు గంటల చిల్లరకి. డ్యూటీ మాత్రం పదకొండు గంటలకి తక్కువ కాదు. ముందు రిపోర్టింగ్, బ్రెత్ అనలైజర్, బ్రీఫింగ్ ఉంటాయి. మధ్యలో ప్రతిచోటా జనం దిగాలి, ఎక్కాలి, క్యాబిన్ ఊడ్వాలి, ఇంధనం పోయాలి. పొగమంచు పట్టి గేటు దగ్గరే రెండు గంటలు కూర్చుంటే, చాక్స్ తీయలేదు కాబట్టి అది మీటర్‌లో పడదు.

అందుకే ప్రతి కాంట్రాక్టులో ఒక గ్యారంటీ అంకె ఉంటుంది. నెలకి ఇన్ని గంటల డబ్బు ఎగిరినా ఎగరకపోయినా ఇస్తాం అని. ఇల్లు గడిచేదీ, లోన్ ఈఎంఐలు కట్టేదీ ఆ అంకెని నమ్ముకునే. 2024లో విస్తారా ఎయిర్‌లైన్ గొడవ పేపర్లలో చదివే ఉంటారు. ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు పైలట్ల గ్యారంటీని 70 గంటల నుంచి 40కి తెస్తూ కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో విమానాలు వరసగా రద్దయ్యాయి. రోస్టర్‌లో తగినంత వెసులుబాటు లేకుండా పైలట్లని సాగదీశామని యాజమాన్యమే ఒప్పుకోవాల్సి వచ్చింది. బయటివాళ్లకి అదొక వార్త. మాకు మాత్రం రేపు మన ఇంటికీ వచ్చేదే.

వచ్చింది కూడా. ఆ వేసవిలో ఒక రాత్రి మెయిల్. "పరిహార విధానంలో సవరణ" అని సబ్జెక్ట్. అంకెలు వేరు, పద్ధతి అదే. గంట రేటు కాస్త పెంచారు, గ్యారంటీ గంటలు తగ్గించారు, పిలిస్తే వెళ్లేలా సిద్ధంగా ఉండే స్టాండ్‌బైకీ, ఒక బేస్ (పైలట్ డ్యూటీ మొదలయ్యే ఊరు) నుంచి ఇంకో బేస్‌కి ప్రయాణికుడిలా కూర్చుని వెళ్లే పొజిషనింగ్‌కీ ఇచ్చేది కోశారు. చివర్లో లింకు, "అంగీకరిస్తున్నాను" అనే బటన్, ఒక గడువు తేదీ. నొక్కనివాళ్ల పేర్లు ట్రైనింగ్ కెప్టెన్ ఎంపికకి పరిశీలించరని ఒక వాక్యం. "అంగీకరించను" అనే బటన్ మాత్రం ఎక్కడా లేదు.

మర్నాడు పొద్దున వాట్సాప్ గ్రూపుల్లో వందల మెసేజ్‌లు. సాయంత్రానికి ఎవరో స్క్రీన్‌షాట్లు పైవాళ్లకి పంపుతున్నారని అనుమానం వచ్చి అందరూ మెసేజ్‌లు డిలీట్ చేసుకోవడం. ప్రైవేటు ఎయిర్‌లైన్ పైలట్ల ఐక్యత ఇంతే. మాట్లాడుకునే చోటే ఉండదు. ఒకరు గువాహటిలో, ఒకరు కొచ్చిలో, ఒకరు హోటల్ గదిలో కర్టెన్లు వేసుకుని పగటి నిద్రలో.

ఖమ్మం డిపోలో మా మామయ్య ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. 2019 సమ్మెలో 52 రోజులు రోడ్డు మీదున్నవాళ్లలో ఆయనొకడు. "సెల్ఫ్ డిస్మిస్" అన్న మాట అప్పట్లో ప్రతి ఇంట్లో వినపడింది. డ్యూటీకి రాలేదు కాబట్టి వాళ్లే ఉద్యోగం వదిలేసుకున్నట్టు లెక్క అని ప్రభుత్వం అంది. ఆ రోజుల్లో ఇల్లు ఎలా గడిచిందో చూశాను. మెయిల్ సంగతి చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు. 

"మాకు డిపో గేటు ముందు జెండా ఉండేది అల్లుడూ. పొద్దున్నే గేటు మీటింగ్ పెడితే డీఎం బయటికొచ్చి మాట్లాడేవాడు. మీకు గేటేది?"

నా దగ్గర సమాధానం లేదు. గేట్లు బోలెడున్నాయి, అన్నీ బోర్డింగ్ గేట్లే.

సంఘాలు అసలు లేవని కాదు. ప్రభుత్వ రంగంలో ఉన్న రోజుల నుంచీ ఎయిర్ ఇండియా వాళ్లకి రెండు ఉన్నాయి: ఇండియన్ పైలట్స్ గిల్డ్, ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్. 2012లో గిల్డ్ వాళ్లు 58 రోజులు పని మానేశారు. బోయింగ్ 787 శిక్షణ ఎవరికివ్వాలన్నది అప్పటి తగువు. ప్రైవేటులో 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకుంటే ఇద్దరిని తీసేశారు, మిగతావాళ్లు మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టారు, చివరికి తీసినవాళ్లని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీల్లో అలాంటిది నిలదొక్కుకున్నట్టు నేను చూడలేదు. అసలు కెప్టెన్ కార్మికుడా, మేనేజరా అనే పేచీ ఎప్పుడూ ఉంటుంది. 2023లో ఎయిర్ ఇండియా ఇచ్చిన కొత్త కాంట్రాక్టులో నాలుగేళ్లు నిండిన కెప్టెన్లని సీనియర్ కమాండర్లని చేసి మేనేజ్‌మెంట్ కేడర్‌లో కలుపుతామన్నారు. సంఘాలు అందుకు మండిపడ్డాయి. వినడానికి ప్రమోషన్ లాగే ఉంటుంది. కాకపోతే మేనేజ్‌మెంట్‌లో కలిసినవాడు యూనియన్‌లో ఉండలేడు.

మామయ్య ఇంకో మాట కూడా అన్నాడు. అదే 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది మూకుమ్మడిగా సిక్ అయ్యారు. కంపెనీ పాతిక మందిని తీసేసింది. ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ దగ్గర రెండు పక్షాలూ కూర్చోగానే తీసినవాళ్లని తీసుకున్నారు, మిగతావాళ్లు డ్యూటీకెళ్లారు. "చూశావా, కాగితం మీద మూడో మనిషి సంతకం ఉండాలి" అన్నాడు. క్యాబిన్ సిబ్బందికి ఆ దారి దొరికింది, మాకు దొరకలేదు. పైలట్లు మూకుమ్మడిగా రాజీనామా చేసి విమానాలు రద్దయ్యేలా చేస్తే అది ప్రజాప్రయోజనానికి విరుద్ధమైన చర్య అని, నేను మొదట చెప్పిన ఆ నోటీసు నిబంధనలోనే రాసి ఉంది.

మాకు దొరికింది ఓపెన్ హౌస్. ఢిల్లీ ఏరోసిటీలో ఒక హోటల్ హాలు. ప్రశ్నలు ముందే ఫారంలో పంపమన్నారు. వచ్చినవాళ్లలో సగం మంది ఫ్లైట్ దిగి యూనిఫాంలోనే వచ్చారు, భుజాల మీద నాలుగు గీతలు, కళ్ల కింద నల్లటి వలయాలు. ఫ్లైట్ ఆపరేషన్స్ పెద్దాయన గంటకి పైగా స్లయిడ్లు చూపించారు. ఇంధనం ధరలు, డాలరు రేటు, ఇంజన్ల సమస్యతో నేల మీదున్న విమానాలు. అవన్నీ నిజాలే. తర్వాత ఫారంలో వచ్చిన ప్రశ్నల్లోంచి ఏరిన కొన్నింటికి జవాబులు. మైకు కిందికి రాలేదు. వెనక వరసలోంచి ఒక సీనియర్ కెప్టెన్ లేచి, మైకు లేకుండానే అడిగాడు: "డబ్బు సంగతి వదిలేయండి. వచ్చే నెల నాకు ఏ రోజు సెలవో ఈ నెల ఇరవై అయిదుకి చెప్పగలరా?" హాలంతా చప్పట్లు. పెద్దాయన కూడా నవ్వారు. "నోట్ చేసుకున్నాం" అన్నారు. సమోసాలు బాగున్నాయి.

నాకు గుచ్చుకున్నది ఆ సీనియర్ అడిగిన ప్రశ్నే. మా ఇల్లు హైదరాబాద్‌లో, బేస్ ఢిల్లీ. హైదరాబాద్ బేస్ కావాలని లిస్టులో పేరు రాయించుకుని ఏళ్లు గడిచాయి. ఆఫ్ దొరికితే సబ్‌లోడ్ టికెట్ మీద, అంటే సీటు మిగిలితే ఎక్కనిచ్చే స్టాఫ్ టికెట్ మీద, శంషాబాద్ రావాలి. పండగ సీజన్‌లో సీటు మిగలదు. మూడు ఫ్లైట్లు వదిలేసి నాలుగోదానిలో జంప్ సీట్, అంటే కాక్‌పిట్‌లో ఉండే అదనపు సీటు, అడుక్కుని ఇంటికొచ్చేసరికి పిల్ల నిద్రపోయి ఉంటుంది, మర్నాడు మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం. ఒకసారి మా ఆవిడ అంది, "మీరు ఇంట్లో ఉన్నా స్టాండ్‌బైలో ఉన్నట్టే ఉంటారు" అని.

ఎక్కువ జీతం కోసం మానలేదు. గల్ఫ్ కంపెనీలు మన దగ్గరికే వచ్చి ఇంటర్వ్యూలు పెట్టి, ఇల్లు, పిల్లల ఫీజులు, పన్ను లేని జీతం అంటాయి. మావాళ్లు చాలామంది వెళ్లారు. నేను ఒప్పుకున్న కొత్త కంపెనీ మన దేశానిదే, జీతం ఇంచుమించు అంతే. వాళ్లు హైదరాబాద్ బేస్ అని ఆఫర్ లెటర్‌లో రాశారు. అంతే తేడా.

గడువుకి ముందు రోజు "అంగీకరిస్తున్నాను" నొక్కకుండా రాజీనామా మెయిల్ పెట్టాను. నాలుగు వాక్యాలు. ఎందుకు మానుతున్నానో రాయలేదు. కుర్రాళ్లకి ఇదే చెబుతాను, ఆ మెయిల్ తేదీ చెప్పడానికే, మనసులో మాట చెప్పడానికి కాదు. నోటీసు ఆ తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి అందినట్టు జవాబు తెప్పించుకోవాలి. మాకు జవాబు వెంటనే రాలేదు. రెండోసారి, మూడోసారి గుర్తుచేశాక హెచ్ఆర్ నుంచి "మీ మెయిల్ పరిశీలనలో ఉంది" అని వచ్చింది. నాకు అది చాలు, అందినట్టు రుజువు.

నోటీసు లేకుండా వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. 2023లో ఆకాశ ఎయిర్‌లో 43 మంది అలా వెళ్లిపోతే సంస్థ బాంబే, ఢిల్లీ హైకోర్టులకెళ్లింది. నేను ఆ దారి తొక్కలేదు, తొక్కమని ఎవరికీ చెప్పను. లైసెన్సు మనదే అయినా దాని తాళం డీజీసీఏ దగ్గర ఉంటుంది.

చీఫ్ పైలట్ ఫోన్ చేశారు. మంచాయన, నన్ను లైన్ ట్రైనింగ్‌లో చూసినాయన. "కెప్టెన్, ఎందుకు తొందరపడ్డారు? హైదరాబాద్ కావాలంటే చెప్పొచ్చుగా" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెప్పడం అంటే ఇంకేమిటి? లిస్టులో పేరుంది, మెయిళ్లున్నాయి, రెండుసార్లు ఆయన గదిలోకే వెళ్లి అడిగాను. "ఇప్పుడు ఖాళీ వస్తుంది, చూద్దాం, మీరు పేపర్లు వెనక్కి తీసుకోండి" అన్నారు. మెయిల్లో రాయండి సార్, ఇవాళే తీసుకుంటాను అన్నాను. అలా రాసే పద్ధతి లేదట. బేస్ ఇవ్వడం కంపెనీ విచక్షణ, ముందుగా మాటివ్వడానికి హెచ్ఆర్ ఒప్పుకోదట. హెచ్ఆర్‌ని నన్నే అడగనిచ్చారు, హెచ్ఆర్ అమ్మాయి కూడా అదే చెప్పింది, చాలా మర్యాదగా. ఇంకో నాలుగు నెలలకి ట్రైనింగ్ కెప్టెన్ చేస్తామన్నారు. అదీ నోటిమాటే. 

నాతోపాటు పేపర్లు పెట్టినవాళ్లలో కొందరు అలాంటి మాటల మీదే వెనక్కి తగ్గారు. వాళ్లని తప్పుపట్టను. రాజీనామా వెనక్కి తీసుకోవడం కూడా మన చేతిలో ఉండదని ఎయిర్ ఇండియా పైలట్ల కేసు చూస్తే తెలుస్తుంది. 2019లో రాజీనామా ఇచ్చి, నోటీసు కాలంలోనే వెనక్కి తీసుకున్నవాళ్లని 2020 ఆగస్టులో, కరోనా రోజుల్లో, కంపెనీ రాజీనామా ఒప్పుకున్నామంటూ బయటికి పంపింది. 2021 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసి వాళ్లని తిరిగి తీసుకోమంది. ఆ మధ్య నెలలు వాళ్లు ఎలా గడిపారో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు అసలు తమాషా. డీజీసీఏ నోటీసు నిబంధనని మావాళ్లు మొదటి పేరా తప్ప చదవరు. అందులో కంపెనీకీ కట్టడి ఉంది. నోటీసులో ఉన్న పైలట్ ఇచ్చిన ఫ్లైట్ చేయనని అనకూడదు. అలాగే కంపెనీ కూడా అతనికి న్యాయంగా దక్కాల్సిన డ్యూటీలు, హక్కులు తీసేయకూడదు. నోటీసు మధ్యలో జీతం తగ్గించినా, షరతులు అతనికి నష్టం వచ్చేలా మార్చినా, గడువుకి ముందే వదిలేయమని అడిగే వీలు అతనికి ఉంటుంది. నేను కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టలేదు. నాకు పాత గ్యారంటీ తీసేస్తే నేను ముందే వెళ్లిపోతానని అడగొచ్చు. కంపెనీకి కెప్టెన్లు తక్కువ. కాబట్టి నోటీసు అంతా నాకు పాత లెక్క ప్రకారమే జీతం వచ్చింది. పక్కసీట్లో కూర్చునే ఫస్ట్ ఆఫీసర్, కంపెనీని నమ్మి ఉండిపోయినవాడు, కొత్త లెక్కలో నష్టపోయాడు. వెళ్లిపోతానన్నవాడికి రక్షణ ఉంది, ఉంటానన్నవాడికి లేదు. పైలట్లని ఎలా నిలబెట్టుకోవాలని కన్సల్టెంట్లని పెట్టుకునే కంపెనీలు ఈ ఒక్క సంగతి చూసినా చాలు.

జీతమే కాదు. డిసెంబర్‌లో ఒక రాత్రి పట్నాలో ఇరుక్కున్నాం. పొగమంచు. ఢిల్లీ తీసుకోవడం లేదు. డ్యూటీ గడువు దగ్గరపడుతోంది. గడువు దాటాలంటే కమాండర్ డిస్క్రెషన్ ఉండాలి, అంటే సిబ్బంది పరిస్థితి చూసి, ఇంకాసేపు చేయగలం అని కెప్టెన్ తనంతట తాను ఒప్పుకోవడం. ఆపరేషన్స్ కంట్రోల్ నుంచి ఫోన్. "సార్, డిస్క్రెషన్ తీసుకుంటారు కదా?" అడగడంలోనే జవాబుంది. పక్కన ఫస్ట్ ఆఫీసర్ని చూశాను. నెల్లూరు కుర్రాడు, చురుకైనవాడు, ఆ పూట మాత్రం చెక్‌లిస్టులో ఒకే లైను రెండుసార్లు చదివాడు. నువ్వేమంటావ్ అని అడిగాను. "మీ ఇష్టం సార్" అన్నాడు. డ్యూటీలో లేనప్పుడు నన్ను అన్నా అనే పిలుస్తాడు, ఆ కాసేపు సార్ అన్నాడు. తీసుకోను అని కంట్రోల్‌కి చెప్పాను. అవతల గొంతు ఒక్కసారి చల్లబడింది. "కారణం మెయిల్ చేయండి కెప్టెన్."

వెనక నూట డెబ్భై మందికి పైగా ప్రయాణికులు. ప్రకటన పర్సర్‌కి వదలకుండా నేనే ముందు గ్యాలీలో నిలబడి చెప్పాను. తిట్టారు. ఒక పెద్దాయన కూతురి పెళ్లికి వెళ్లాలి, ఆయన తిట్టలేదు, ఊరికే నా వంక చూశాడు, అది ఇంకా కష్టం. హోటల్‌కి వెళ్లే వ్యాన్‌లో ఆ కుర్రాడు అన్నాడు, "అన్నా, మీరు నోటీసులో ఉన్నారు కాబట్టి వద్దనగలిగారు. నాకు ఇంకా బాండ్ ఉంది, కమాండ్ రావాలి." వాడి బాండ్ టైప్ రేటింగ్, అంటే ఒక రకం విమానం నడిపే అర్హత, ఖర్చుది. ముందే మానేస్తే లక్షల్లో కట్టాలి. వాళ్ల నాన్న పొలం మీద తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, 200 గంటలు ఎగరడానికే అర కోటి దాకా పెట్టిన ఇల్లు అది. మాదీ అంతే అనుకోండి. బేగంపేటలో నా సీపీఎల్ అయ్యేసరికి కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ మూతపడింది, 2012 అక్టోబర్. అనుభవం ఉన్నవాళ్లే రోడ్డున పడితే మమ్మల్ని ఎవరు తీసుకుంటారు? ఉద్యోగం వచ్చేదాకా కోచింగ్ సెంటర్లో మెటీరియాలజీ చెప్పుకుని బతికాను. అందుకే ఆ తరం పైలట్లు ఏ కాగితం పెట్టినా సంతకం చేసేస్తారు.

కారణం మెయిల్ చేశాను. డ్యూటీ ఎన్నింటికి మొదలైంది, ముందు రాత్రి ఎంత నిద్ర, అంతకుముందు రాత్రి ఎక్కడ, అంతే. జవాబు రాలేదు, చర్యా లేదు.

అలసట మీద కొత్త నిబంధనలు అప్పటికే కాగితం మీదున్నాయి. 2023 ఆగస్టులో నాగ్‌పూర్‌లో ఒక కెప్టెన్ బోర్డింగ్ గేటు దగ్గరే కుప్పకూలి చనిపోయాక ఈ చర్చ బాగా పెరిగింది. 2024 జనవరిలో డీజీసీఏ ప్రకటించింది: వారం విశ్రాంతి 36 గంటల నుంచి 48కి, రాత్రి డ్యూటీలో ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకి, తెల్లవారుజామున అయిదుతో అయిపోయే "రాత్రి" ఆరు దాకా. ఆ ఏడాది జూన్ 1 నుంచి అమలన్నారు, ఎయిర్‌లైన్లు గొల్లుమన్నాయి, వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకెళ్లాక 2025 జులై 1న ఒక విడత, నవంబర్ 1న ఇంకో విడత వచ్చాయి. పాత రూల్లో వారమంతా తెల్లవారుజామున మూడింటికి లేచినవాడికి ఆ పన్నెండు గంటలు ఎక్కువ దొరకడమంటే ఏమిటో నాకు తెలుసు.

నోటీసు చివరి నెలలు మాత్రం పూర్తిగా గుమాస్తా పని. సిమ్యులేటర్ చెక్ గడువు నోటీసు అయిపోయాక వస్తుంది అనుకుని ఊరుకోకూడదు, కంపెనీ తన లెక్కలో చేయిస్తుందో లేదో ముందే అడగాలి. డీజీసీఏ వాళ్ల ఈజీసీఏ పోర్టల్లో లాగ్‌బుక్ ఎంట్రీలన్నీ కంపెనీ ధ్రువీకరించి ఉండాలి. నావి కొన్ని పెండింగ్‌లో కనిపించాయి, వాటి కోసం తిరిగినంత ఎన్‌ఓసీ కోసం కూడా తిరగలేదు. ట్రైనింగ్ రికార్డుల కాపీలు అడిగి తీసుకోవాలి. ఐప్యాడ్, ఐడీ, ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్ అప్పజెప్పి రసీదులు తీసుకోవాలి. పాస్ విమానయాన భద్రత చూసే బీసీఏఎస్‌ది, పోయిందంటే పోలీసు కంప్లయింట్ దాకా వెళుతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు అన్నీ ఫుల్ అండ్ ఫైనల్‌లో పడతాయి. నా లెక్కలో ఒక పాత హోటల్ బిల్లు నా పేరున చూపించారు, నేను ఆ రాత్రి ఆ ఊళ్లోనే లేను. రోస్టర్ స్క్రీన్‌షాట్ పంపితే తీసేశారు. రోస్టర్లు నెలనెలా దాచుకోండి, యాప్ లాగిన్ పోయిన రోజున ఏదీ ఉండదు.

ఎన్‌ఓసీ ఆపుతారని అందరూ భయపెట్టారు. ఆపలేదు. కాస్త సాగదీశారు, అంతే. అకౌంట్స్ నుంచి స్టోర్స్‌కి, స్టోర్స్ నుంచి ఇంజనీరింగ్ లైబ్రరీకి. ఎ320 మాన్యువల్ ఒకటి తిరిగివ్వలేదన్నారు, అది ఐప్యాడ్‌లో ఉండే పీడీఎఫ్. చీఫ్ పైలట్ ఒక్క ఫోన్ చేస్తే అది కదిలింది. చెప్పానుగా, మంచాయనే.

కొత్త కంపెనీలో మొదటి నెల మళ్లీ విద్యార్థి జీవితం. సేఫ్టీ క్లాసు, డేంజరస్ గూడ్స్ క్లాసు, పడవలాంటి తెప్ప మీద ఎక్కే డ్రిల్, సిమ్యులేటర్, రూట్ చెక్‌లు. తొంభై రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలన్న లెక్క తప్పకుండా చూసుకోవాలి, మధ్యలో ఎయిర్‌పోర్ట్ పాస్ ఆలస్యమైతే అది మీదపడుతుంది.

తర్వాత 2025 డిసెంబర్ వచ్చింది. ఇండిగో విమానాలు వేలల్లో ఆగిపోయాయి, డిసెంబర్ 5 ఒక్కరోజే వెయ్యికి పైగా. శంషాబాద్‌లో జనం నేల మీద సూట్‌కేసుల మధ్య పడుకున్నారు, నేను యూనిఫాంలో వాళ్ల మధ్యలోంచి నడవాల్సి వచ్చింది, ఏ కంపెనీ అని చూడకుండా తిట్టారు. విశ్రాంతి నిబంధనలకి తగ్గట్టు సిబ్బందిని లెక్కేసుకోవడంలో తప్పు జరిగిందని ఆ సంస్థే చెప్పింది. ప్రభుత్వం ఆ సంస్థకి కొత్త నిబంధనల్లో కొన్నింటి నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. టీవీల్లో చర్చ మొత్తం పైలట్ల కొరత మీదే. ఆ ఏడాదే మన ప్రభుత్వం అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావోలో, విదేశీ కంపెనీలు మన సిబ్బందిని ఎగరేసుకుపోకుండా ఒక నియమావళి కావాలని అడిగింది. కొరత ఉందంటే నమ్ముతాను. కానీ ఏడాది నోటీసు పెట్టినా, విదేశీ కంపెనీల మీద ఫిర్యాదు చేసినా, వచ్చే నెల ఏ రోజు సెలవో చెప్పమన్న ఆ సీనియర్ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన కూడా తర్వాత గల్ఫ్ వెళ్లిపోయాడు.

నెల్లూరు కుర్రాడికి బాండ్ అయిపోవచ్చింది. మొన్న ఫోన్ చేసి, కమాండ్ అప్‌గ్రేడ్ ఇస్తామంటున్నారు కానీ దానికి కొత్త బాండ్ రాయమంటున్నారు, రాయనా అన్నా అని అడిగాడు. కెప్టెన్ అయితే నోటీసు ఆరు నెలల నుంచి ఏడాదికి పోతుంది, అది కూడా కలిపి లెక్కేసుకో అన్నాను. ఆలోచిస్తున్నాడు.

నా సంగతంటారా, హైదరాబాద్ బేస్ ఇచ్చారు, రాసినట్టే. మూడేళ్లు గ్యారంటీ అని ఉంది. నాలుగో ఏడు ఏమిటని చేరేటప్పుడే అడిగాను. అప్పుడు చూద్దాం అన్నారు. ఆ "అప్పుడు చూద్దాం" కూడా మెయిల్లో పెట్టించుకున్నాను.